కంకి నుంచి సగటుకు: సాంఖ్యక శాస్త్రాన్ని బడి బయట నేర్పడం ఎలా

తొమ్మిది, పది తరగతుల్లో సాంఖ్యక శాస్త్రం పాఠం దాదాపు ఎప్పుడూ ఒక పట్టికతోనే మొదలవుతుంది. ఒక వరుసలో తరగతి అంతరాలు, పక్క వరుసలో పౌనఃపున్యాలు సిద్ధంగా ఉంటాయి. సూత్రంలో వేసి సగటు కడితే మార్కులు పడతాయి. ఆ సంఖ్యలను ఎవరు పోగుచేశారు, ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు, వేటిని వదిలేశారు అన్న సంగతులు మాత్రం పట్టికలో కనిపించవు. నా దృష్టిలో ఈ శాస్త్రానికి ప్రాణం అక్కడే ఉంది. వేటిని లెక్కపెట్టాలో ఎంచుకునేటప్పుడే జవాబు సగం నిర్ణయమైపోతుంది. ఎంపికలో పొరపాటు జరిగితే ఎంత చక్కగా కూడి భాగించినా తప్పు జవాబే వస్తుంది. ఈ మాట నల్లబల్ల దగ్గర చెబితే పిల్లలు తలూపుతారు, చేలో చేయిస్తే నమ్ముతారు.

గోదావరి డెల్టాలో పనిచేసే ఉపాధ్యాయులకు కావలసిన సరంజామా అంతా బడి గోడ అవతలే ఉంది. వరి చేలు, కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు, రేవులు ఉన్నాయి. వీటిలో వరి చేనును ప్రధానంగా తీసుకుని, మొదటి రోజు నుంచి ధాన్యం బస్తాలకెత్తే రోజు దాకా పాఠాన్ని ఎలా నడపాలో వివరంగా చెబుతాను. మిగతావి మధ్యలో వస్తాయి.

ఒకే ప్రశ్నతో మొదలుపెట్టండి

పిల్లలను బయటికి తీసుకెళ్లి "సమాచారం సేకరించండి" అంటే ఎవరికి తోచింది వారు రాసుకొస్తారు. తిరిగొచ్చాక దాన్ని ఏం చేయాలో మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. అందుకని ఒక్క ప్రశ్నే పెట్టండి: ఈ చేలో ఎకరానికి ఎన్ని బస్తాలు పండుతాయి?

ఈ ప్రశ్నకు రెండు గుణాలున్నాయి. ఇవాళ జవాబు ఎవరికీ తెలియదు, రెండు మూడు వారాల్లో అందరికీ తెలుస్తుంది. పుస్తకంలోని లెక్కకు జవాబు చివరి పేజీలో ఉంటుంది. ఈ లెక్కకు జవాబు కళ్లంలో ఉంటుంది. పైగా డెల్టాలో బస్తా అంటే 75 కిలోల ధాన్యమని ఏ రైతు ఇంటి పిల్లనడిగినా చెబుతుంది కాబట్టి కొలమానం గురించి వేరే పాఠం అక్కర్లేదు.

సార్వా (ఖరీఫ్) పంటను ఎంచుకోండి. కంకులు వంగి, గింజ గట్టిపడి, కోతకు ఇంకా పది పదిహేను రోజులుండే సమయం సరైనది. దాళ్వా (రబీ) కోతలు పరీక్షల మీద పడతాయి.

ఒక హెచ్చరిక. ఇంటింటి సర్వే చేయించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. ఎవరికి ఎన్ని ఎకరాలుంది, ఎవరి ఆదాయం ఎంత, ఎవరికి అప్పుంది అని పిల్లలతో అడిగించకండి. కౌలు రైతు బిడ్డ, కూలి ఇంటి బిడ్డ ఆ పట్టికలో తన ఇంటి సంఖ్యను అందరి ముందూ చూసుకోవలసి వస్తుంది. పిల్లను చిన్నబుచ్చి నేర్పే సగటు మనకెందుకు? కంకులను, కాయలను, పంటు (రేవు దాటించే పడవ) ప్రయాణాలను లెక్కపెడితే ఎవరి మనసూ నొచ్చుకోదు.

చేలో దిగే ముందు

బడికి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చేనును చూసుకుని రైతుతో ముందుగా మాట్లాడండి. ఎన్ని కంకులు తెంపుతారో స్పష్టంగా చెప్పండి. ఎనభై, తొంభై కంకులంటే ఎవరూ కాదనరు గానీ, అడగకుండా తెంపితే మాత్రం మళ్లీ గట్టెక్కనివ్వరు. మందు ఎప్పుడు కొట్టారో తప్పకుండా అడగండి. ఈమధ్యే కొట్టి ఉంటే ఆ చేను వద్దు, ఇంకొకటి చూసుకోండి. నీరు తీసేసి నేల ఆరిన చేను అయితే పిల్లలు దిగడానికి వీలుగా ఉంటుంది. ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు సరే. కాళ్లకు బూట్లు ఉండాలి, ముందు నడిచే పెద్దవారి చేతిలో కర్ర ఉండాలి, ఎందుకంటే కోతల ముందు చేలో పాములు తిరుగుతాయి. దారి కాలువ గట్టు మీదుగా పోతే ఆ దారి మానండి. మంచు ఆరిన తర్వాత, ఎండ ముదరకముందు పని ముగియాలి.

సామాను తక్కువే. వెదురు బద్దలతో గానీ ప్లాస్టిక్ పైపుతో గానీ యాభై సెంటీమీటర్ల చదరపు చట్రాలు గుంపుకొకటి చేయించండి. ఒక కొలత టేపు, కాగితపు చీటీలు, కవర్లు, గ్రాముల్లో తూచే చిన్న కాటా చాలు. ప్రతి గుంపుకూ ఒక నోటు పుస్తకం, పెన్ను ఇవ్వండి. పెన్సిలు, రబ్బరు తేవద్దని ముందే చెప్పండి. తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన మళ్లీ రాయాలి, చెరపకూడదు. మొదట ఏం రాశారో కనబడాలి.

తరగతిలో నలభైమంది ఉంటే అయిదుగురేసి చొప్పున ఎనిమిది గుంపులు చేయండి. లెక్కపెట్టేవారు ఇద్దరు, రాసేవారు ఒకరు, చట్రం పట్టేవారు ఒకరు, చూసి సరిచెప్పేవారు ఒకరు. కంకి మారినప్పుడల్లా పనులు మార్చండి. లేకపోతే దస్తూరి బాగున్న అమ్మాయి రోజంతా రాస్తూనే ఉంటుంది.

గట్టెక్కగానే చేసే మొదటి పని రైతును అడగడం. "బాబాయ్ గారూ, ఎకరానికి ఎన్ని అవుతాయంటారు?" అని ఒక పిల్ల చేత అడిగించండి. ఆయన చేను వైపు ఒకసారి చూసి సంఖ్య చెబుతారు. దాన్ని పిల్లల ముందు బయటపెట్టకుండా చీటీ మీద రాయించుకుని కవరులో పెట్టి అంటించండి. పిల్లలు కూడా ఎవరి ఊహ వారు రాసి అదే కవరులో వేయాలి. ఈ కవరు కోతలయ్యాకే విప్పాలి.

ఎక్కడి కంకి తెంపాలి

పాఠంలో అసలు ఘట్టం ఇది. ఇక్కడ తొందరపడకండి.

మొదటి విడతలో ఏ నియమమూ చెప్పకుండా "మీకు నచ్చిన చోటి నుంచి తలా ఒక కంకి తెండి" అనండి. పిల్లలు గట్టు మీద నుంచే చేయి చాస్తారు. బరువుగా వంగి, నిండుగా బంగారు రంగులో ఉన్నదాన్నే తెంపుతారు. సన్నగా, సగం తాలుతో ఉన్న కంకిని ఒక్కరూ ముట్టుకోరు. ఆ కంకులన్నీ ఒక కట్ట కట్టి "కంటితో ఎంచినవి" అని చీటీ తగిలించండి.

రెండో విడత చీటీలతో. చేను పొడవు ఎన్ని అడుగులో, వెడల్పు ఎన్ని అడుగులో పిల్లలు నడిచి కొలవాలి. పొడవు నూట ఇరవై అడుగులైతే ఒకటి నుంచి నూట ఇరవై దాకా చీటీలు ఒక సంచిలో, వెడల్పు ఎనభై అయితే ఎనభై చీటీలు మరో సంచిలో వేయండి. ప్రతి గుంపూ రెండు సంచుల్లోంచీ ఒక్కో చీటీ తీయాలి. చేను మూల నుంచి గట్టు వెంబడి మొదటి సంఖ్య ప్రకారం నడిచి, అక్కడి నుంచి చేలోకి తిరిగి రెండో సంఖ్య ప్రకారం నడవాలి. కాలు ఆగిన చోట చట్రం వేయాలి. అక్కడ పైరు పడిపోయి ఉన్నా, ఎలుకలు కొట్టేసి ఉన్నా, పిలకలు పలుచగా ఉన్నా అదే చోటు. "ఇక్కడ బాగా లేదండీ, పక్కకు జరగమా?" అని ఎవరో ఒకరు అడిగి తీరుతారు. ఆ ప్రశ్న కోసమే ఈ పాఠం. "బాగా లేని చోటు కూడా ఈ చేనులో భాగమే కదా?" అని అడిగి ఊరుకోండి, ఉపన్యాసం వద్దు.

చట్రంలోని కంకులన్నీ లెక్కపెట్టి సంఖ్య రాసుకోవాలి. వాటిలోంచి మళ్లీ చీటీ వేసి అయిదు కంకులు తెంపి, గుంపు పేరుతో కట్ట కట్టాలి.

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి ఒక్క మెతుకు చాలు అని మనవాళ్లు అంటారు. తరగతిలో ఈ మాట ఎవరైనా ఎత్తితే దాన్ని వదలకండి. కుండలో నీళ్లు తెర్లుతూ మెతుకులన్నీ కలిసిపోతాయి, గరిటె కూడా తిప్పుతాం. అందుకే ఏ మెతుకైనా ఒకటే. చేను అలా కలిసిపోయేది కాదు. గట్టు పక్క దుబ్బులకు ఎండ, గాలి ఎక్కువ తగిలి పిలకలు బలంగా వస్తాయి. పల్లం మూల నీరు నిలిచి పైరు దెబ్బతింటుంది. చెట్టు నీడలో గింజ సరిగా నిండదు. చేనును గరిటెతో తిప్పలేం కాబట్టి మన కాళ్లనే చీటీలు తిప్పాలి. పుస్తకాల్లో యాదృచ్ఛిక ప్రతిచయనం అంటారు దీన్ని. ఆ పేరు పని అయిపోయాక చెప్పండి.

ప్రభుత్వం దిగుబడి అంచనా కోసం జరిపే పంట కోత ప్రయోగాలు కూడా ఇదే దారిలో నడుస్తాయి. యాదృచ్ఛిక సంఖ్యలతో చోటు నిర్ణయించి, మన రాష్ట్రంలో వరికి అయిదు మీటర్ల చదరం గుర్తించి కోసి, నూర్చి తూస్తారు. పంటల బీమా చెల్లింపులకూ ఇలాంటి ప్రయోగాలు ఒక ఆధారం. తమ ఊరి రైతుకు పరిహారం రావడం, రాకపోవడం వెనక ఒక చట్రం, ఒక చీటీ ఉన్నాయని పిల్లలకు తెలియాలి.

చట్రం అంచున పడ్డ దుబ్బు ఎవరిది?

చట్రం వేయగానే తగాదా మొదలవుతుంది. బద్ద కింద ఒక దుబ్బు సగం లోపల, సగం బయట ఉంటుంది. పిల్లలు సాధారణంగా దాన్ని లోపలికే లాగుతారు. చిక్కిన కంకిని వదులుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఈ తగాదా పెద్దలూ పడ్డారు. కలకత్తాలో 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ పంటల అంచనాకు చిన్న చిన్న గళ్లు కోస్తే చాలన్నారు. చిన్న గడి అయితే తక్కువ ఖర్చుతో ఎక్కువ చోట్ల కోయవచ్చు. 1940లలో మరో సాంఖ్యక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే దీన్ని కాదన్నారు. చిన్న గళ్లలో అంచు మొక్కలు లోపలి లెక్కలోకి వచ్చేస్తాయి, అందువల్ల దిగుబడి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది అని ఆయన వాదం. మీ పిల్లలు ఇద్దరి పక్షాన్నీ లెక్కతో తేల్చగలరు. మీటరు చదరానికి వైశాల్యం ఒక చదరపు మీటరు, చుట్టుకొలత నాలుగు మీటర్లు. అయిదు మీటర్ల చదరానికి వైశాల్యం ఇరవై అయిదు, చుట్టుకొలత ఇరవై. అంటే చదరపు మీటరుకు అంచు 0.8 మీటరే. మన అర మీటరు చట్రానికి ఇదే లెక్క కట్టమనండి: పావు చదరపు మీటరుకు రెండు మీటర్ల అంచు, అంటే చదరపు మీటరుకు ఎనిమిది. అంచు ఎంత ఎక్కువైతే తగాదా అంత ఎక్కువ. ఎనిమిదో తరగతి క్షేత్రగణితం ఇక్కడ అక్కరకొస్తుంది.

చిన్న చట్రంతోనే పని నడవాలి కాబట్టి చేలో దిగకముందే నియమం పెట్టుకోండి. దుబ్బు మొదలు ఎక్కడుందో అదే లెక్క, కంకి ఎటు వాలిందన్నది చూడకూడదు. మొదలు సరిగ్గా బద్ద కిందే ఉంటే ఎడమ, కింది అంచుల మీదివి లెక్కలోకి వస్తాయి, కుడి, పై అంచుల మీదివి రావు. నియమం ఏదైనా ఫరవాలేదు గానీ, కంకిని చూశాక నియమం మారకూడదు.

ఒక కంకి, వంద గింజలు

నీడపట్టున కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేతికి ఒక కంకి, ఒక పాత వార్తాపత్రిక ఇవ్వండి. కంకిని మొదలు నుంచి కొసకు దూయకుండా ఒక్కొక్క రెమ్మను విడదీసి గింజలను పదేసి కుప్పలుగా పెట్టమనండి. వేలితో నొక్కితే గట్టిగా ఉన్నది నిండు గింజ, చప్పగా అణిగిపోయేది తాలు. అనుమానం వచ్చిన వాటిని నీళ్ల గ్లాసులో వేస్తే తాలు పైకి తేలుతుంది. కంకి మొదట్లో, మెడకు దగ్గరగా ఉన్న రెమ్మల్లో తాలు ఎక్కువగా ఉండటం పిల్లలే కనిపెడతారు. కంకి కొస నుంచి కిందికి నిండుతూ వస్తుంది, చివరగా నిండవలసినవి ఒక్కోసారి నిండకుండానే మిగిలిపోతాయి.

అదే కంకి గింజలను పక్క పిల్ల మళ్లీ లెక్కపెట్టాలి, మొదటి సంఖ్య చూడకుండా. ఒకరికి 118 వస్తే ఇంకొకరికి 115 వస్తుంది. ఎవరిది తప్పని మీరు తీర్పు చెప్పకండి. ఒకే కంకికి ఇద్దరి లెక్కల మధ్య వచ్చే తేడా కొలతలోని తేడా. రెండు కంకుల మధ్య వచ్చే తేడా ప్రకృతిలోని తేడా. మొదటిది మనం జాగ్రత్తపడితే తగ్గుతుంది, రెండోది ఎంత జాగ్రత్తపడినా తగ్గదు. ఈ విభజన బుర్రకెక్కిన పిల్లకు డిగ్రీలో విచలనాల పాఠం భయపెట్టదు.

వరండా మీద పరచండి

మర్నాడు సుద్దముక్కతో వరండా గచ్చు మీద ఒక గీత గీసి 40–60, 60–80, 80–100 అంటూ అంతరాలు రాయండి. పిల్లలు తమ కంకి కాడను తమ అంతరం మీద పెట్టాలి, ఒకదాని పైన ఒకటి. కాసేపటికి కంకులతోనే సోపాన చిత్రం లేస్తుంది. "కంటితో ఎంచిన" కట్టకు ఒక చిత్రం, చీటీల కట్టకు దాని కిందే మరో చిత్రం పరిచితే, పైది కుడివైపుకు జరిగి ఉండటాన్ని చూడటానికి ఏ సూత్రమూ అక్కర్లేదు. ఆ జరిగిన మేరే మన కన్ను చేసిన పక్షపాతం. నేనైతే ఈ రెండు చిత్రాలనూ చెరపకుండా వారం రోజులు ఉంచుతాను.

మధ్యగతం కోసం కంకులను గింజల సంఖ్య ప్రకారం చిన్న నుంచి పెద్దకు వరుసగా పెట్టించి, రెండు చివరల నుంచీ ఒక్కొక్కటి తీసేస్తూ రమ్మనండి. నడుమ మిగిలిన కంకిని ఒకరి చేతికివ్వండి. కంకులు సరిసంఖ్యలో ఉంటే చివరికి రెండు మిగులుతాయి, ఏం చేయాలో వాళ్లనే అడగండి. బాహుళకం ఎత్తైన కుప్పలోనే కనిపిస్తుంది. దాని మీద ఎక్కువసేపు గడపకండి.

దీని తర్వాత చేయవలసిన పని ఒకటుంది, పుస్తకాల్లో అంతగా కనబడదు గానీ చాలా ముఖ్యం. చీటీల కట్టలోని సంఖ్యలన్నీ చిన్న కాగితాల మీద రాసి సంచిలో వేయండి. ఒక్కొక్కరూ వచ్చి ఒక కాగితం తీసి, ఆ సంఖ్యను గచ్చు మీద చుక్కగా పెట్టి, కాగితం తిరిగి సంచిలో వేయాలి. చుక్కలు దూరదూరంగా చెదిరిపోతాయి. తర్వాత నాలుగేసి కాగితాలు తీసి వాటి సగటును చుక్కగా పెట్టాలి. చుక్కలు దగ్గర పడతాయి, అవి పరచుకున్న వెడల్పు సుమారు సగానికి తగ్గుతుంది. పదహారేసి తీస్తే మళ్లీ సగం. సగటు కచ్చితత్వం రెట్టింపు కావాలంటే శ్రమ నాలుగు రెట్లు పెట్టాలన్న వర్గమూలం సంగతి పిల్లలు తమ చేతుల్తో తెలుసుకుంటారు.

ఇన్ని కంకుల నుంచి ఎంత కచ్చితత్వం రాబట్టగలమన్నదానికి ఒక హద్దు ఉందని గణితంతో తేల్చినవారు మన తెలుగువారే. 1920లో, ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, 1941లో మహలనోబిస్ సంస్థలో చేరిన సి.ఆర్. రావు గారు 1945లో ప్రచురించిన వ్యాసంలో ఆ హద్దును చూపించారు. ఆయన పేరు, స్వీడన్ గణితవేత్త క్రామెర్ పేరు కలిపి దాన్ని క్రామెర్–రావు హద్దు అంటున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి లభించింది. గచ్చు మీద చుక్కలున్నప్పుడే ఈ కథ చెప్పండి, విడిగా చెబితే అది సామాన్య జ్ఞానం ప్రశ్నగా మిగిలిపోతుంది.

కంకుల నుంచి బస్తాలకు

ఇప్పుడు లెక్క. ఉదాహరణకు ఎనిమిది చట్రాల సగటు 70 కంకులు అనుకుందాం. చట్రం పావు చదరపు మీటరు కాబట్టి చదరపు మీటరుకు 280 కంకులు. కంకికి సగటున 110 నిండు గింజలైతే 30,800 గింజలు. వెయ్యి గింజలు లెక్కపెట్టి తూయాలి, స్వర్ణ లాంటి రకానికి ఇరవై గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఇరవై అనుకుంటే చదరపు మీటరుకు 616 గ్రాములు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి సుమారు 2,493 కిలోలు, అంటే 33 బస్తాలు. స్వర్ణ అన్నది మన పక్కనున్న మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన రకమని, ఎంటీయూ 7029 అన్న పేరులో ఉన్నది ఆ ఊరేనని చెబితే పిల్లలు సంచి మీది అక్షరాలను ఈసారి వేరేగా చదువుతారు.

తేమ సంగతి మరువకండి. చేలో గింజ పచ్చిగా ఉంటుంది, ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం మించకూడదు. పిల్లలు తూచిన గింజలో 22 శాతం తేమ ఉందనుకుంటే, 2,493 కిలోలు 17 శాతానికి ఆరేసరికి 2,343 కిలోలే మిగులుతాయి. 33 బస్తాలు 31 అయ్యాయి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ కొలిచే యంత్రం ఉంటుంది, గుప్పెడు గింజలు పట్టుకెళ్లి అడిగితే చూసి చెబుతారు.

చివరికి ఒక్క సంఖ్య రాసి ఊరుకోనివ్వకండి. ఎనిమిది గుంపులూ విడివిడిగా తమ లెక్క కట్టాలి. 27, 29, 31, 32, 34, 35, 37, 39 వచ్చాయనుకోండి. సగటు 33, మధ్యగతం కూడా 33, వ్యాప్తి 12. ప్రామాణిక విచలనం (సంఖ్యలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) సుమారు 4. దాన్ని ఎనిమిది వర్గమూలంతో భాగిస్తే 1.4. అందుకు రెట్టింపు అటూ ఇటూ తీసుకుంటే 30 నుంచి 36 బస్తాల మధ్య అని చెప్పవచ్చు. పదో తరగతికి ఆ భాగహారం వద్దు, "33, అటూ ఇటూ మూడు" అన్న మాట చాలు. నోటు పుస్తకంలో అలాగే రాయించి, తేదీ వేయించి, అందరి చేతా సంతకాలు పెట్టించండి.

కోతలయ్యేలోగా

కోతకు ఇంకా కొన్ని రోజులుంటాయి. ఆ వ్యవధిలో ఊరిని బట్టి ఒకటో రెండో పనులు ఎంచుకోండి, అన్నీ చేయనక్కర్లేదు.

కోనసీమ వైపు బడులకు కొబ్బరి తోట ఉంది. దింపు రోజున వెళ్లి చెట్టుకు ఎన్ని కాయలు పడ్డాయో లెక్కపెట్టవచ్చు, చెట్టు కింద నిలబడకుండా, దూరం నుంచి. ప్రతి పదో చెట్టూ తీసుకుందామని పిల్లలు అంటారు. మంచి పద్ధతే, కానీ వరుసకు సరిగ్గా పది చెట్లున్న తోటలో పదో చెట్టు ఎప్పుడూ బోదె పక్కదే అవుతుంది. నీరు బాగా అందే చెట్లే మన లెక్కలోకి వస్తాయి. తోట నమూనాను ముందు కాగితం మీద గీయించి, ఈ చిక్కును వాళ్లనే పట్టుకోనివ్వండి.

భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువులు. పిల్లలను చెరువులోకి దించవద్దు, ఏరియేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) తీగల దగ్గరికి పోనివ్వవద్దు. వైరస్ భయంతో రైతులూ బయటివారిని రానివ్వరు. రైతు విసురు వల వేసి పెరుగుదల చూసుకునే రోజున ఆయన తూచిన సంఖ్యలు అడిగి తెచ్చుకుంటే చాలు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంట్. ఇక్కడ ఒక చక్కని చిక్కుముడి ఉంది. 40 గ్రాముల రొయ్యలది 25 కౌంట్, 10 గ్రాముల రొయ్యలది 100 కౌంట్. రెండు రకాలూ సమాన సంఖ్యలో కలిస్తే కౌంట్ ఎంత? అందరూ 62.5 అంటారు. తలా వంద రొయ్యలు తీసుకోండి: నాలుగు కిలోలు, ఒక కిలో, మొత్తం అయిదు కిలోలకు రెండు వందల రొయ్యలు. కౌంట్ 40. ధర కౌంట్ మీద కడతారు కాబట్టి, ఏ సగటు తీయాలో తెలియకపోతే డబ్బు పోతుందని ఆ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చెరువులో చేపలెన్ని అన్న ప్రశ్నకు చింతగింజలు చాలు. గిన్నెడు గింజల్లో యాభైకి రంగు పూసి కలిపేయాలి. చూడకుండా నలభై తీస్తే అందులో రంగువి అయిదు వచ్చాయంటే, మొత్తం 50 × 40 ÷ 5 = 400 అని అంచనా. డెన్మార్క్ జీవశాస్త్రవేత్త పీటర్సన్ చేపలకు గుర్తులు కట్టి ఈ దారి తెరిచారు.

పట్నం బడులకు చేను దూరమైతే రేవు గానీ బస్టాపు గానీ పనికొస్తుంది. సఖినేటిపల్లి–నరసాపురం రేవులో గానీ కోటిపల్లి–ముక్తేశ్వరం రేవులో గానీ ఒడ్డున, పెద్దల పక్కన కూర్చుని, పంటు బయల్దేరిన వేళలు రాసుకోవాలి. రెండు పంట్ల మధ్య వ్యవధి ఒకసారి 10 నిమిషాలు, ఒకసారి 50 నిమిషాలు అనుకుంటే సగటు 30. కాబట్టి ప్రయాణికుడు సగటున 15 నిమిషాలు ఎదురుచూస్తాడని అనిపిస్తుంది. కానీ గంటలో 50 నిమిషాలు ఆ పెద్ద వ్యవధిదే. రేవుకు వచ్చేవారిలో ఆరింట అయిదు వంతులమంది అందులోనే చిక్కుకుని సగటున 25 నిమిషాలు ఆగుతారు, మిగిలినవారు 5 నిమిషాలు. మొత్తం మీద దాదాపు 22 నిమిషాలు. ఎప్పుడు వెళ్లినా పంటు అప్పుడే పోయిందని మనం విసుక్కోవడానికి కారణం ఈ లెక్కలో ఉంది.

వరదల కాలంలో ధవళేశ్వరం నీటిమట్టాన్ని రోజూ పత్రిక చూసి రాయించండి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. నెల సగటు కట్టించి, ఆ సగటును చూసి లంక గ్రామాల వారు ఏం చేయగలరో అడగండి. ఏమీ చేయలేరు. అక్కడ కావలసింది అత్యధిక విలువ. ఏ ప్రశ్నకు ఏ కొలమానం అన్నది దీనితో తేలిపోతుంది.

కవరు విప్పే రోజు

కోత యంత్రం దిగిన రోజు కబురు చేయమని రైతుకు ముందే చెప్పి ఉంచండి. మొత్తం బస్తాలు, చేను విస్తీర్ణం, తూచినప్పటి తేమ ఆయన్నడిగి రాసుకోండి. ఆ తర్వాత తరగతిలో కవరు విప్పి నాలుగు సంఖ్యలు పక్కపక్కన రాయండి: రైతు కంటి అంచనా, పిల్లల ఊహల సగటు, చట్రాల లెక్క, నిజంగా పండింది. రైతు అంచనా చాలాసార్లు నిజానికి దగ్గరగా ఉంటుంది. ఆయన ఏళ్ల తరబడి అదే చేనును చూస్తున్నారు, ఆయన దగ్గరున్న సమాచారం మన ఎనిమిది చట్రాల కన్నా చాలా ఎక్కువ. కంటితో చూసేదంతా తప్పనుకునే ప్రమాదం పిల్లలకు ఉంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పండి. వీలైతే ఆయన్నే బడికి పిలిచి, ఏం చూసి ఆ సంఖ్య చెప్పారో పిల్లలకు వివరించమనండి.

చట్రాల లెక్క నిజం కన్నా ఎక్కువ వచ్చే అవకాశమే హెచ్చు. ఎందుకో పిల్లలతో జాబితా రాయించండి: అంచు దుబ్బులు, తేమ, యంత్రం రాల్చిన గింజ, గట్లు ఆక్రమించిన నేల, చేలో మనం అడుగులతో కొలిచిన తీరు. ఒక్కొక్క కారణం పక్కన అది ఎన్ని బస్తాలు మింగి ఉంటుందో అంచనా వేయించండి. మార్కులు వేయదలిస్తే ఈ జాబితాకు వేయండి, జవాబు దగ్గరగా వచ్చిందా దూరంగా వచ్చిందా అన్నదానికి వేయకండి. దూరంగా వచ్చిన గుంపుకు మార్కులు తగ్గిస్తే వచ్చే ఏడాది పిల్లలు చట్రం వేయకముందే రైతును అడిగి సంఖ్య సరిచేసుకుంటారు.

తెంపిన కంకుల గింజలను తాలు ఊది, ఒక సంచిలో కట్టి, లెక్కల కాగితం నకలుతో పాటు పిల్లల చేతనే రైతు ఇంటికి పంపండి. వచ్చే సార్వాకు అదే చేనుకు వెళ్లదలిస్తే ఆ రోజే అడిగి రమ్మనండి.